పసుపు టోపీ ఉన్న వైపు

ఈత నేర్పేవాళ్ళకి నీళ్ళంటే భయం ఉండదనుకుంటారు జనం. నాకు చచ్చేంత భయం. ఇన్నేళ్ళుగా పిల్లల్ని పోటీలకి తయారుచేస్తున్నాను, ఇప్పటికీ ఆఖరి పిల్ల మెట్లెక్కి ఒడ్డున నిలబడేదాకా తలలు లెక్కపెడుతూనే ఉంటాను. నా కేకలకి ఆ కాలనీలో పెద్ద పేరు. కొలను గోడ అవతల ఇస్త్రీ బండి అతను నా గొంతు విని టైము చెప్పేవాడట. అవన్నీ కోపం అనుకునేవారు. సగం భయమే.

దానికి కారణం ఉంది. నేను ఈత నేర్చుకున్నది నల్లగొండ దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరి వ్యవసాయ బావిలో, నడుముకి ఎండిన సొరకాయ బుర్రలు కట్టుకుని. ఒక వేసవిలో అందరం బావిలో నవ్వులాటల్లో ఉండగా మా చిన్నమ్మ కొడుకు మునిగిపోయాడు. నాకు చెయ్యి చాపితే అందేంత దూరంలో. సినిమాల్లోలా అరవడం, చేతులు కొట్టుకోవడం ఏమీ లేదు. ఉన్నాడు, తర్వాత లేడు. గట్టు మీద కూర్చున్న పెద్దవాళ్ళు కూడా గమనించలేదు. మునిగేవాళ్ళు చప్పుడు చెయ్యరని నాకు ఆ రోజు తెలిసింది.

అందుకని నా కొలనులో రెండు పద్ధతులు పెట్టుకున్నాను. మొదటిది సాసరు. పిల్లలు దిగకముందు లోతు వైపు ఒక తెల్లటి పింగాణీ సాసరు నీళ్ళలోకి వదిలేదాన్ని. అది అడుక్కి చేరాక ఒడ్డు మీంచి కనబడితేనే పిల్లల్ని దిగనిచ్చేదాన్ని. సాసరు కనబడని నీళ్ళలో మునిగిన మనిషీ కనబడడు. రెండోది జోడీ. ప్రతి పిల్లకీ ఒక జోడీ ఉంటుంది, పక్క పక్క లేన్లలో ఈదుతారు. విజిల్ వెయ్యగానే ఎక్కడివాళ్ళక్కడ ఆగి, జోడీ చెయ్యి పట్టుకుని పైకెత్తాలి. ఎక్కడన్నా ఒంటి చెయ్యి లేచిందంటే నేను బట్టలతోనే దూకుతాను. కొత్తగా చేరిన పిల్లలకి కాళ్ళు కొట్టడం నేర్పకముందే చెప్పే మాట ఒకటుండేది. నీ జోడీ మీంచి కన్ను తియ్యకు అని.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. కొలను ఎల్బీనగర్ చౌరస్తాకి కాస్త లోపలగా ఉండేది. నేను మూసారాంబాగ్ నుంచి స్కూటీ మీద వచ్చేదాన్ని. రాష్ట్ర పోటీలకి నా దగ్గర ఇద్దరు ఆడపిల్లలు తయారవుతున్నారు, ఇద్దరూ తొమ్మిదో తరగతే. ఒకమ్మాయి దిల్‌సుఖ్‌నగర్‌లో బ్యాంకు పరీక్షలకి పాఠాలు చెప్పే లెక్కల సారు కూతురు, వాళ్ళది గుంటూరు వైపు. ఇంకో అమ్మాయి బస్సు డ్రైవరు కూతురు. వాళ్ళు మా నల్లగొండ వాళ్ళే, బడంగ్‌పేట్‌లో కిరాయికి ఉండేవారు. డ్రైవరు కూతురు నెత్తిన ఎప్పుడూ పసుపుపచ్చ రబ్బరు టోపీ ఉండేది, అందుకని అందరం పసుపు టోపీ అనే పిలిచేవాళ్ళం. చేరినప్పుడే ఇద్దరినీ జోడీ చేశాను. ఒకే అరటిపండు చెరి సగం తినేవారు, ఒకరి తువ్వాలుతో ఒకరు తుడుచుకుని ఎవరిదేదో తెలియక నా చేత తిట్లు తినేవారు.

లెక్కల సారు కూతురి ఈత చూడముచ్చటగా ఉండేది. మోచెయ్యి ఎత్తుగా లేచేది, అరచెయ్యి నీళ్ళని గట్టిగా పట్టి వెనక్కి నెట్టేది, కాళ్ళు నీళ్ళు చిమ్మకుండా కొట్టేవి. ఒక్కటే లోపం. ఫ్రీస్టైల్లో ఎప్పుడూ ఒకే పక్కకి తల తిప్పి ఊపిరి తీసుకునేది. ప్రతి రెండు బారలకీ అదే పక్క. అలా చేస్తే ఒళ్ళు ఆ పక్కకి వంకరపోతుంది, ముందుకు చాచిన చెయ్యి కిందికి జారుతుంది, గోడ తాకేసరికి పోటీ చెయ్యి దాటిపోతుంది. మూడు బారలకోసారి, ఒకమాటు ఎడమకి, ఒకమాటు కుడికి తిప్పమని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. చేతికి కిక్‌బోర్డు ఇచ్చి తల తిప్పడం ఒక్కటీ చేయించాను. ఒంటి చేత్తో ఈదించాను. అలా విడిగా చేయిస్తే రెండు పక్కలా బంగారంలా చేసేది. పూర్తి ఈతకి రాగానే మళ్ళీ మొదటికే.

ఒకరోజు అరవడం ఆపి ఒడ్డున కూర్చుని చూశాను. లోతు వైపు వెళ్ళేటప్పుడు ఎడమకి తిప్పుతోంది. తిరిగి వచ్చేటప్పుడు కుడికి తిప్పుతోంది. అంటే రెండు పక్కలా వచ్చు. ఎటు పసుపు టోపీ ఉంటే అటే తిప్పుతోంది. బయటికి పిలిచి ఎందుకలా అని అడిగితే, "మీరే చెప్పారు కదండీ, జోడీ మీంచి కన్ను తియ్యొద్దని," అంది. అది విజిల్ వేసినప్పటి మాట, పోటీలో ఎవరినీ చూడకూడదు అని విడమర్చి చెప్పాను. బుద్ధిగా తలూపింది. మర్నాడు మళ్ళీ అదే. మొండి పిల్ల అని విసుక్కున్నాను.

ఇంతలో సమ్మె వచ్చింది. బస్సులు నిలిచిపోయాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. గడ్డిఅన్నారం మార్కెట్ ముందు నుంచి వస్తుంటే లారీల్లోనే మగ్గిపోయిన బత్తాయిల వాసన ముక్కు పగలగొట్టేది. చౌరస్తాలో షామియానా వేసి ధర్నా. మా పసుపు టోపీ నాన్న కూడా సమ్మెలో ఉన్న డ్రైవరే కాబట్టి రోజూ ఆ శిబిరంలోనే కూర్చునేవాడు. నా లైఫ్‌గార్డ్ ఊరి నుంచి బస్సులో వచ్చే మనిషి, అతనూ ఆగిపోయాడు. కొలనులో కలిపే క్లోరిన్ అయిపోవస్తోంది, కొత్తది రాలేదు. కరెంటు లేక నీళ్ళు వడకట్టే మోటారు సగం పూట కూడా నడిచేది కాదు. నీళ్ళు రోజురోజుకీ పలచటి మజ్జిగలా తెల్లబారుతూ వచ్చాయి. రెండు రోజులు సాసరు కనబడక పిల్లల్ని వెనక్కి పంపేశాను. పోటీలు దగ్గరపడుతున్నాయని తల్లిదండ్రులు నా మీద కస్సుమన్నారు. నేనూ తిరిగి కస్సుమన్నాను.

ఆ వారంలోనే లెక్కల సారు నన్ను గేటు దగ్గర ఆపాడు. మనిషి మెత్తన. మూతపడ్డ ఆయన కోచింగ్ సెంటరు షట్టరు మీద ఎవరో రాయి విసిరారట, అప్పటి నుంచి ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదట. కారు తియ్యాలంటే చెయ్యి ఆడటం లేదన్నాడు. "తప్పుగా అనుకోకండి మేడం. ఈ గొడవలు సద్దుమణిగేదాకా మా అమ్మాయికి వేరే జోడీని ఇవ్వండి. ఆటలో చిన్న దెబ్బ తగిలినా రేపు అది మా మీదికే వస్తుంది," అన్నాడు. ఆయన కళ్ళలో ద్వేషం లేదు, ఒట్టి భయం. మర్నాడు పసుపు టోపీ నాన్న శిబిరం నుంచి నడుచుకుంటూ వచ్చాడు. ఆయనా అదే మాట, ఆయన భాషలో. తన తోటివాళ్ళు ఏమన్నా అంటారేమోనని, ఆ పెద్దింటోళ్ళు రేపు ఏ కేసన్నా పెడతారేమోనని పరేషాన్‌గా ఉందన్నాడు. జర వేరే లేన్లో వెయ్యుండ్రి అని బతిమాలాడు.

ఇద్దరూ ఒకరికొకరు భయపడి నా నెత్తిన కూర్చున్నారు. ఒళ్ళు మండింది. కాదంటే ఇద్దరూ పిల్లల్ని మాన్పించేస్తారు, రెండేళ్ళ కష్టం మట్టిపాలవుతుంది. సరేనని లెక్కల సారు కూతురిని రెండో లేన్లో, పసుపు టోపీని నాలుగో లేన్లో వేసి, చెరొక కొత్త జోడీని ఇచ్చాను. ఆ రోజు నుంచి ఎవరి అరటిపండు వాళ్ళు తిన్నారు. లెక్కల సారు కూతురి కొత్త జోడీ ఒకటో లేన్లో ఉండేది. అయినా పిల్ల తల తిప్పేది నాలుగో లేన్ వైపే, వెళ్ళేటప్పుడు ఎడమకి, వచ్చేటప్పుడు కుడికి.

ఆ రోజు పొద్దున కరెంటు ఉంది, మోటారు కాసేపు నడిచింది. పిల్లలు పదింటికి వచ్చారు. సాసరు వదిలాను. కనబడింది, మసగ్గా, అంచులు కరిగిపోయినట్టు. కనబడితే దిగొచ్చు అన్నది నేను పెట్టిన నియమమే కాబట్టి దింపాను. కాని ఆ పూటంతా నా భయం మామూలు భయంలా లేదు. ఒడ్డున నిలబడితే కొలను అడుగునున్న నల్ల గీతలు కొంత దూరం వరకే కనిపిస్తున్నాయి, లోతు వైపు తెల్లటి చీకటి. చౌరస్తాలో మైకు మోగుతోంది. ఒక్కదాన్నే ఇంతమంది మీద కన్నెలా వెయ్యాలి అనుకుంటూ ప్రతి నాలుగు నిమిషాలకీ విజిల్ వేసి చేతులెత్తిస్తున్నాను. పిల్లలు విసుక్కుంటున్నారు.

పోటీలకి పేర్లు పంపడానికి లెక్కల సారు కూతురి టైము కావాలి. రెండు వందల మీటర్లు ఈదమని స్టాప్‌వాచ్ నొక్కి, ఆమె పక్కనే ఒడ్డు వెంట నడుస్తున్నాను. పసుపు టోపీని నాలుగో లేన్ లోతు గోడ దగ్గర, గోడని కాళ్ళతో తన్ని వెనక్కి తిరిగే టర్న్‌లు సాధన చెయ్యమన్నాను. మొదటి వంద మీటర్లు అద్భుతంగా వచ్చింది. మాది పాతిక మీటర్ల కొలను, ఆరో పొడుగు సగంలో ఉండగా ఆ పిల్ల ఆగిపోయింది. ఉన్నపళాన తల ఎత్తి నీళ్ళలో నిలబడిపోయింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరాగమన్నారు, ఈదు అని గొంతు చించుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు. లేన్ తాడు కిందుగా దూరి మూడో లేన్లోకి పోయింది, ఇంకో తాడు దాటింది, తల కిందులుగా మునిగింది. అప్పుడు చూశాను నేను. నాలుగో లేన్లో పసుపు రంగు ఎక్కడా లేదు.

విజిల్ వేశాను. చేతులు లేచాయి. నాలుగో లేన్ పక్కన ఒక చిన్నపిల్ల ఒంటి చెయ్యి ఎత్తి, అటూ ఇటూ చూస్తోంది.

దూకాను. కళ్ళు తెరిస్తే నా చెయ్యి నాకే కనబడలేదు. అంతా తెలుపు. చెవుల్లో నా రక్తం చప్పుడు తప్ప ఏమీ లేదు. మా ఊరి బావి గుర్తొచ్చింది అంటే అబద్ధం, ఏదీ గుర్తురాలేదు, ఎక్కడుంది ఎక్కడుంది అన్న ఒక్క మాటే. పైకి వచ్చి చూస్తే లెక్కల సారు కూతురు ఊపిరి కోసం తేలి, "ఇక్కడండీ," అని కిందికి చూపించి మళ్ళీ మునిగింది. ఆమె పాదాల వెంట నేనూ దిగాను. వేళ్ళకి రబ్బరు తగిలింది. ఇద్దరం చంకల కింద చేతులేసి పైకి తెచ్చాం.

పెదాలు నీలంగా ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. ఒడ్డున పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నా ఊపిరి ఊదాను. మళ్ళీ ఊదాను. మైకులో ఎవరో పాట అందుకున్నారు. ఆ పాట ఇప్పుడు ఎక్కడ వినబడినా నేను అక్కడి నుంచి లేచి వెళ్ళిపోతాను. ఎన్నిసార్లు ఊదానో తెలియదు. భళ్ళున దగ్గి, నీళ్ళు కక్కి, ఏడుపు మొదలుపెట్టింది. ఏ పిల్ల ఏడుపూ నాకంత తియ్యగా వినిపించలేదు.

మిగతా పిల్లలందర్నీ మెట్లెక్కించి ఇస్త్రీ బండి అతనికి అప్పజెప్పాను. దవాఖానకి తీసుకుపోవాలి. ఆటోలు లేవు. కూతురిని దింపి, భయంతో వెనక్కి వెళ్ళలేక గేటు బయట కారులోనే కూర్చుని ఉన్నాడు లెక్కల సారు. పసుపు టోపీని నా ఒళ్ళో వేసుకుని వెనక సీట్లో కూర్చున్నాను, ఆయన కూతురు ఆ పిల్ల కాళ్ళు పట్టుకుని కూర్చుంది. చౌరస్తాలో రోడ్డుకి అడ్డంగా టైర్లు, రాళ్ళు, జనం. కారు చూసి నలుగురైదుగురు ముందుకొచ్చారు. ఒకతను బానెట్ మీద చరిచాడు. ఈ అద్దాలు పగిలితే ఆ గాజంతా నా ఒళ్ళో పిల్ల మీద పడుతుందని నేను వంగి కప్పేశాను. సారు అద్దం దించి ఏదో చెప్పబోయాడు, మైకు మోతలో వినబడలేదు.

అప్పుడు శిబిరంలోంచి పసుపు టోపీ నాన్న లేచి నిలబడ్డాడు. కారులో ఉన్న టోపీ రంగు చూశాడు. చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి, "నా బిడ్డ, గా బండ్ల నా బిడ్డున్నది," అన్నాడు అందరితో. అంతే, టైర్లు పక్కకి జరిగాయి. బానెట్ మీద చరిచిన మనిషే రాళ్ళు కాలితో తోసి దారి చేశాడు. పసుపు టోపీ నాన్న ముందు సీట్లో ఎక్కాడు. దారిలో సారు గేరు మార్చబోయి తడబడితే ఆ డ్రైవరు చెయ్యి వేసి గేరు వేశాడు.

పిల్లకి ప్రమాదం లేదన్నారు, ఒక రాత్రి ఉంచుకుని చూస్తామన్నారు. జరిగింది ఏమిటో మెల్లగా బయటపడింది. టర్న్ తర్వాత నీటి అడుగున ఎక్కువ దూరం పోతే టైము తగ్గుతుందని పసుపు టోపీ ఆశ. గబగబా ఊపిరి పీల్చి వదిలి, పీల్చి వదిలి, ఆ తర్వాత మునిగి ఎంత దూరం పోగలదో చూసుకునేదట. అలా చేస్తే ఊపిరి కావాలన్న తహతహ ఒంటికి తెలియదు, తెలివి తప్పేదాకా తెలియదు. అది నేను కచ్చితంగా వద్దన్న పని. నా కన్ను పక్కకి తిరిగినప్పుడల్లా చేస్తోంది. ఈతగాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలాంటి చావు కొనితెచ్చుకోరు.

వార్డు బయట బెంచీ మీద లెక్కల సారు కూతురి పక్కన కూర్చున్నాను. జుట్టు ఇంకా తడిగా ఉంది. ఆ నీళ్ళలో, మధ్యలో ఒక లేన్ ఉండగా, అంత వేగంలో ఎలా చూశావని అడిగాను.

"ఊపిరి తీసుకున్నప్పుడల్లా చూస్తానండీ. అది మునిగితే నేను మూడోసారి తల తిప్పేసరికి పైకొచ్చేస్తుంది, ఎప్పుడూ. ఇవాళ మూడోసారి లేదు. ఇంకోసారి తిప్పాను. అప్పుడూ లేదు," అంది. తల దించుకుని, "మీకు చెబితే దాన్ని తిడతారని చెప్పలేదండీ," అని ఏడ్చింది.

ఇన్నాళ్ళూ నేను సరిదిద్దాలని తంటాలు పడ్డది ఈత లోపాన్ని కాదు. ఈ పిల్ల పొద్దున్నే నీళ్ళలో దిగిన దగ్గర నుంచి బయటికొచ్చేదాకా ప్రతి ఊపిరికీ కాపలా కాసింది. నా బావిలోని భయం తీసుకెళ్ళి పద్నాలుగేళ్ళ పిల్ల మెడకి కట్టాను, ఆ పిల్ల దాన్ని మోస్తూ రెండు వందల మీటర్లు ఈదుతోంది.

సమ్మె ముగిసి బస్సులు తిరిగాక పోటీలొచ్చాయి, నగరం ఆ చివర పెద్ద కొలనులో. పసుపు టోపీని డాక్టర్లు ఇంకా నీళ్ళలో దిగనివ్వలేదు, చూడ్డానికొచ్చి గ్యాలరీలో కూర్చుంది. తండ్రులిద్దరూ కూడా వచ్చారు, నాలుగు కుర్చీల ఎడంలో. లెక్కల సారు కూతురు వార్మప్‌లో గ్యాలరీ వైపే తల తిప్పుతోంది. పిలిచి పక్కన నిలబెట్టుకున్నాను.

"ఇవాళ కాపలా నాది. నువ్వు నీ ఈత ఈదు," అన్నాను.

"మీరు చూస్తారా?"

"చూస్తా."

"నన్ను కాదండీ, దాన్ని."

"దాన్నే. నీ వైపు తిరగను. నీ టైము కూడా చూడను."

గ్యాలరీలో కూర్చున్న పిల్ల ఎలా మునుగుతుందని ఎవరన్నా నవ్వొచ్చు. మాకిద్దరికీ నవ్వు రాలేదు. ఆ పిల్ల నా మొహం కాసేపు పరీక్షగా చూసి, గాగుల్స్ దించుకుని వెళ్ళింది.

నేను గ్యాలరీ ఎక్కి, కొలనుకి వీపు పెట్టి, పసుపు టోపీ ఎదురుగా నిలబడ్డాను. ఒళ్ళో బత్తాయి తొనలు పెట్టుకుని తింటోంది. వెనక గన్ మోగింది, నీళ్ళు పగిలిన చప్పుడు, జనం కేకలు. స్టాప్‌వాచ్ నా జేబులో ఉంది. పసుపు టోపీ కాసేపు చూసి, "నన్నేం జూస్తున్రు మేడం, అటు జూడుండ్రి," అంది. నోర్మూసుకుని తినమన్నాను. ఆ పిల్ల నోరు మూసుకోలేదు, నా భుజం మీదుగా చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది. ముందు నాలుగో స్థానంలో ఉందట. టర్న్ బాగా కొట్టిందట. తర్వాత తొన నోటి దాకా తీసుకెళ్ళి ఆపేసింది.

"మేడం, రెండు దిక్కులకీ తిప్పుతుంది."

నాకు కళ్ళు మసకబారాయి. రెప్ప వెయ్యకుండా ఆ పిల్ల మొహమే చూస్తూ నిలబడ్డాను. చప్పుడు పెరిగి, పెరిగి, ఒక్కసారిగా తగ్గింది. గోడ తాకి ఉంటారు. నా వెనక ఎవరో చప్పట్లు కొడుతున్నారు, ఎవరికో తెలియదు. గెలిచిందా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది, అడగలేదు.

"బోర్డు దిక్కు చూస్తలేదు మేడం అది," అంది పసుపు టోపీ. "గిటే చూస్తుంది. మీరెటు చూస్తున్రో చూస్తుంది."

నేను తల తిప్పలేదు.